మత్తుతో కప్పేయకుండా మనసు నొప్పిని మాన్పుకోవడం ఎలా

మనసు నలిగిపోయినప్పుడు మందునో గంజాయినో నిద్రమాత్రనో ఆశ్రయించేవాళ్లను బలహీనులనుకోవడం తప్పు. అది పనిచేస్తుంది కాబట్టే చెయ్యి అటు పోతుంది. గంటో రెండు గంటలో నొప్పి నిజంగానే వెనక్కి తగ్గుతుంది. చిక్కంతా ఆ తరువాతే. మద్యం మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థకు బలమిచ్చి, చురుకు పుట్టించే గ్లుటమేట్‌ను అణచిపెడుతుంది. మత్తు దిగే వేళకు మెదడు దానికి విరుగుడుగా చురుకును పెంచేసి ఉంటుంది. అందుకే తాగి పడుకున్నవాళ్లకు తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఎందుకో తెలియని భయం పట్టుకుంటుంది. రాత్రి ఏ బాధను మరిచిపోవాలనుకున్నారో అది అలాగే ఉంటుంది. దానికి తోడు ‘మళ్లీ తాగాను, ఛీ నా బతుకు’ అనే సిగ్గు చేరుతుంది. సాయంత్రానికి ఆ సిగ్గును తట్టుకోవడానికే ఇంకో పెగ్గు కావలసివస్తుంది.

ఈ చక్రాన్ని పట్టుదలతో ఆపాలని చాలామంది చూస్తారు. కొన్నాళ్లు ఆగుతుంది కూడా. కానీ బాధ పుట్టినప్పుడల్లా మనల్ని మనం తిట్టుకునే అలవాటు పోనంతకాలం, అది మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఆపవలసింది ఆ సిగ్గు దగ్గర. నొప్పి పుట్టిన క్షణంలో మీతో మీరు మాట్లాడుకునే తీరు, మీ ఒంటిని మీరు చూసుకునే తీరు మారాలి. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధనతో వచ్చేది. దాన్ని ఎలా సాధన చేయాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం.

ముందుగా ఒంటికి ప్రమాదం ఉందేమో చూసుకోండి

ఈ మెట్టు దాటకుండా తక్కినవి మొదలుపెట్టకండి. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవాళ్లు, అల్ప్రాజోలం, డయాజెపాం, లోరాజెపాం లాంటి నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మాత్రలు చాలా వారాలుగా రోజూ వేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు. మద్యం ఆపాక 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, ఎక్కడున్నారో తెలియదు. ఇది ప్రాణాంతకం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దున్నే చేతులు వణుకుతూ, ఓ గుక్క తాగితే గానీ కుదుటపడనివాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. మాత్రలైతే వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గించాలి.

హెరాయిన్, ట్రామడాల్ లాంటి ఓపియాయిడ్ల (నల్లమందు తరహాలో పనిచేసే మత్తు, నొప్పి మందుల) సంగతి వేరు. మానిన కొద్దిరోజులకే ఒళ్లు పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. అప్పుడు జారి, అలవాటైన పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఇలా పోయిన ప్రాణాలు ఎన్నో.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ సాధనలన్నీ పక్కన పెట్టండి. ఇప్పుడే నమ్మకమైన మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆ సమయంలో తన మీద దయ చూపించుకోవడమంటే అదే.

మొదటి వారం: రాయండి, అంతే

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తాగాలనిపించిన ప్రతిసారీ, తాగినా తాగకపోయినా, ఐదు విషయాలు రాయండి: ఎన్ని గంటలకు, దానికి కొద్దిసేపటి ముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ ఎలా ఉంది, మనసులో మిమ్మల్ని మీరు ఏమని అనుకున్నారు, తీసుకుంటే ఎంత. మద్యమైతే మిల్లీలీటర్లలో రాయండి. ‘కొంచెం’ అని రాస్తే ఆ కొంచెం రోజురోజుకీ పెరుగుతుంది.

ఈ వారం మారాలని ప్రయత్నించకండి. మారాలని పూనుకున్నవాళ్లు జారిన రోజున పుస్తకం మూసేస్తారు. మనకు కావలసింది సరిగ్గా ఆ రోజు పేజీయే.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ప్రతి వరసలోనూ ‘టెన్షన్’ అని రాస్తారు. టెన్షన్ అనేది అన్నిటికీ కప్పే దుప్పటి. దాని కింద ఉన్నది అవమానమా, భయమా, దిగులా, అసూయా, ఎవరూ పట్టించుకోలేదన్న బెంగా, మోసపోయానన్న కోపమా, తేల్చండి. పేరు పెట్టడమే ఒక ఉపశమనం. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనలో, ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గడం కనిపించింది. పేరు దొరక్కపోతే ముందు నాలుగు చూసుకోండి: ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా అనిపిస్తోందా, అలసిపోయారా. సాయంత్రం వచ్చే యావలో సగం, మధ్యాహ్నం సరిగ్గా తినకపోవడమే అని తెలిసి ఆశ్చర్యపోయేవాళ్లుంటారు. అలాంటప్పుడు ముందు అన్నం తినండి, మనసు విశ్లేషణ తరువాత.

వారం చివర నాలుగో అంశాన్ని, అంటే మిమ్మల్ని మీరు ఏమనుకున్నారో, అవన్నీ వరసగా గట్టిగా చదవండి. ‘నువ్వెందుకూ పనికిరావు’, ‘సిగ్గులేదు’, ‘నీ వల్లే అంతా’. ఇవే మాటలు మీ ఎదుటే ఎవరైనా ఓ పిల్లాడిని రోజుకు పదిసార్లు అంటుంటే ఊరుకుంటారా? ఆ మాటల్లో చాలావరకు ఎవరో ఒకప్పుడు మిమ్మల్ని అన్నవే అయి ఉంటాయి. గుర్తుపడితే పక్కన ఆ మనిషి పేరు రాయండి.

దయ అంటే ఏమిటి, ఏది కాదు

తన పట్ల తనకుండే కరుణను మనస్తత్వశాస్త్రంలో కొలవదగ్గ విషయంగా నిలబెట్టింది క్రిస్టిన్ నెఫ్, 2003లో. అందులో మూడు పాళ్లు ఉంటాయని ఆమె చెప్పారు: కష్టంలో ఉన్న తనతో మెత్తగా ఉండడం, ఈ కష్టం మనుషులందరికీ వచ్చేదేనని గుర్తించడం, బాధను దాచకుండా, పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు చూడడం. మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. మెత్తదనం ఒక్కటే ఉంటే తనని తాను గారం చేసుకోవడంలోకి జారుతుంది. చూడడం ఒక్కటే ఉంటే పొడిగా, లెక్కలు తీసినట్టుగా ఉంటుంది.

‘నన్ను నేను తిట్టుకోకపోతే ఇంకా చెడిపోతాను’ అన్న భయం దాదాపు అందరికీ ఉంటుంది. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అదే సాధనను మధ్యలో ఆపేస్తుంది. అందుకే జవాబు తెలిసి ఉండాలి. 2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ ఒక ప్రయోగం చేశారు. తిండి విషయంలో కట్టడి పాటించేవాళ్లకు ముందు ఒక డోనట్ తినిపించి, కొందరితో మాత్రం ‘అందరూ అప్పుడప్పుడూ తింటారు, మిమ్మల్ని మీరు కఠినంగా చూసుకోకండి’ అన్న అర్థంలో నాలుగు మాటలు చెప్పారు. తరువాత మిఠాయిలు ముందు పెడితే, ఆ మాటలు విన్న కట్టడివాళ్లు విననివాళ్లకంటే తక్కువ తిన్నారు. అపరాధభావం తగ్గితే తిండి పెరగలేదు, తగ్గింది. జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ తమ తప్పును కరుణతో చూసుకున్నవాళ్లే దాన్ని సరిదిద్దుకోవడానికి ఎక్కువ పూనుకున్నారు. తిట్లు మనిషిని కదిలించవు, దాక్కునేలా చేస్తాయి. దాక్కోవడానికి మత్తు కంటే సులువైన చోటు లేదు.

ఆ ఇరవై నిమిషాలు

తాగాలన్న యావ నిటారుగా పెరుగుతూనే పోతుందని అనిపిస్తుంది. నిజానికి దానికి మేత వేయకపోతే సాధారణంగా 20, 30 నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దిగిపోతుంది. దాన్ని అణచకుండా, దానికి లొంగకుండా, గమనిస్తూ దాటే పద్ధతిని అలన్ మార్లాట్ వ్యసన చికిత్సలోకి తెచ్చారు. దానికి దయను కలిపి ఇలా చేయండి.

మొదట చోటు మారండి. సీసా ఉన్న గదిలో కూర్చుని పోరాడకండి. ఇంకో గదికో, ఆరుబయటికో వెళ్లండి. మొహాన చన్నీళ్లు కొట్టుకోండి.

తరువాత రెండు మూడు నిమిషాలు ఊపిరి. పాదాలు నేలకు పూర్తిగా ఆనించి కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. లెక్క సెకండుకొకటి చొప్పున సాగితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గాలిని బలవంతంగా లాగితే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మామూలు శ్వాసే, నిదానంగా, బయటికి వదలడం పొడవుగా ఉంటే చాలు. ఊపిరి మీద దృష్టి పెడితే కంగారు పెరిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లు దాన్ని వదిలేసి చుట్టూ వినిపించే చప్పుళ్లను ఒక్కొక్కటే గుర్తించాలి.

మూడోది, నొప్పిని ఒంట్లో వెతకడం. గొంతు బిగుసుకుందా, ఛాతీ బరువెక్కిందా, కడుపులో దేవుతోందా? దొరికిన చోట చెయ్యి పెట్టండి. అరచేతి వెచ్చదనం తగిలేలా, గట్టిగా నొక్కకుండా. ఛాతీ మీద చెయ్యి నచ్చకపోతే చెంప మీద, లేదా ఒక చేత్తో రెండో ముంజేతిని పట్టుకోండి. మొదట్లో కృత్రిమంగా అనిపిస్తుంది, సిగ్గుగా కూడా ఉంటుంది. తలుపేసుకుని చేయండి.

నాలుగోది మాటలు. వాటి గురించి కింద విడిగా చెబుతాం, అసలు బలం వాటిలోనే ఉంది.

చివర ఒంటికి ఒక చిన్న మేలు: ఏదైనా తినడం, వేణ్నీళ్ల స్నానం, ఓ మనిషికి ఫోన్, లేదా ఊరికే పడుకోవడం. ఇది తప్పకుండా ఉండాలి. చేతల్లోకి రాని దయను ఒళ్లు నమ్మదు.

ఈ ఇరవై నిమిషాలను పాడుచేసేది బేరం. ‘ఒక్కటే’, ‘ఈరోజుకి’, ‘రేపట్నుంచి ఖచ్చితంగా’. బేరం మొదలైందని గమనించగానే జవాబు వెతక్కండి. వాదనలో యావే గెలుస్తుంది. ‘బేరం మొదలైంది’ అని మాత్రం అనుకుని మళ్లీ పాదాల మీదికి దృష్టి తెచ్చుకోండి. ఇరవై నిమిషాల తరువాత కూడా తగ్గకపోతే ఇంకో ఇరవై. యావ లేనప్పుడు కూడా రోజుకోసారి ఇదంతా చేయాలి. తుఫానులో కొత్తగా నేర్చుకోలేరు.

మీ మాటలు మీరే తయారుచేసుకోండి

పుస్తకంలో చదివిన వాక్యాలు నొప్పి వేళ నోటికి రావు, వచ్చినా దిగవు. ఇలా చేయండి. మీకు బాగా ఇష్టమైన మనిషి సరిగ్గా మీ కష్టంలోనే ఉన్నారనుకోండి, అదే పని పోయింది, అదే బంధం తెగింది, అదే మనిషి చనిపోయారు. ఎదురుగా కూర్చున్నారు. ఏం అంటారు? మీరు మాట్లాడే యాసలోనే నాలుగు వాక్యాలు రాయండి. ఏ గొంతుతో అంటారో, చెయ్యి ఎక్కడ పెడతారో అది కూడా రాయండి. ఇప్పుడు ఆ మనిషి పేరు కొట్టేసి మీ పేరు పెట్టండి. ‘నేను’ అని కాకుండా మీ పేరుతో, ‘నువ్వు’ అని పిలుచుకోండి. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనాల్లో, తమని తాము పేరుపెట్టి పలకరించుకున్నవాళ్లు ‘నేను’ అనుకున్నవాళ్లకంటే ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నారు. చిన్నప్పుడు మిమ్మల్ని ప్రేమగా పిలిచిన పిలుపేదైనా ఉంటే అదే వాడండి. కన్నా, బుజ్జీ, నాన్నా, అమ్మలూ, ఏదైనా సరే.

ఇలా ఉండొచ్చు: ‘చాలా నొప్పిగా ఉంది కదూ. ఉంటుంది మరి, జరిగింది చిన్న విషయం కాదు. ఇలాంటి రాత్రి నీ ఒక్కడికే రాలేదు, ఈ వేళ ఎంతోమంది ఇలాగే మేలుకుని ఉన్నారు. ఇప్పుడేమీ తేల్చక్కర్లేదు. నేనున్నాను, ముందు కాసిని నీళ్లు తాగు.’

కొన్ని మాటలు దయలాగే కనిపిస్తాయి కానీ కావు. ‘అంతా మన మంచికే’ అనేది నొప్పిని కాదంటుంది. ‘నీకేం తక్కువ’ అనేది నోరు మూయిస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘ఇంతకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా’. మనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తోడు తెచ్చుకోవడం ఒకటి, పోల్చి మన బాధను కొట్టిపారేయడం ఇంకొకటి. మొదటిది ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. రెండోది సిగ్గును పెంచుతుంది, ఆ సిగ్గు ఎటు నడిపిస్తుందో ముందే చెప్పుకున్నాం. అలాగే ‘నేను గొప్పవాణ్ని, నాకు ఎదురులేదు’ లాంటివి కూడా వద్దు. నమ్మలేని పొగడ్తకు మనసు వెంటనే ఎదురు చెబుతుంది.

దయ చూపిస్తే నొప్పి పెరిగితే

చాలామంది ఇక్కడే వదిలేస్తారు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. ఎన్నాళ్లగానో తిట్లకు అలవాటుపడినవాళ్లు మొదటిసారి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మెత్తగా మాట్లాడుకుంటే, హాయి రావడానికి బదులు ఏడుపు ముంచుకొస్తుంది. పాత అవమానాలు, ఎప్పుడో దక్కని ప్రేమ, అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. కొందరికి కోపం వస్తుంది, కొందరికి ఏమీ అనిపించకుండా మొద్దుబారిపోతుంది. నెఫ్‌తో కలిసి ఎనిమిది వారాల స్వీయకరుణ శిక్షణను రూపొందించిన క్రిస్టొఫర్ జెర్మర్, దీన్ని మూసి ఉన్న గదిలో నిప్పుతో పోల్చారు: తలుపు తీయగానే గాలి తగిలి మంట భగ్గుమంటుంది. అంటే మీరు తప్పు చేయడం లేదు, తలుపు తెరుచుకుంది.

అలా జరిగినప్పుడు ధైర్యం చేసి లోపలికి దూకకండి. మాటలు ఆపేయండి, కళ్లు తెరవండి. అరికాళ్ల కింద నేల ఎలా తగులుతోందో గమనిస్తూ నాలుగడుగులు నడవండి. లేదా చేతులకు పని చెప్పండి, గిన్నెలు కడగడం, బట్టలు మడతపెట్టడం. మరునాడు వ్యవధి రెండు నిమిషాలకు తగ్గించండి. సాధన మానేసి మీకు విశ్రాంతి ఇచ్చుకోవడం కూడా ఆ పూటకు దయే. హింసో లైంగిక వేధింపో అనుభవించినవాళ్లకు ఇది తీవ్రంగా ఉండి, జరిగినది కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపిస్తే, ఒంటరిగా కొనసాగించకండి. మనసు గాయాల చికిత్సలో అనుభవమున్న సైకాలజిస్టుతో కలిసి చేయండి.

వారానికో ఉత్తరం

పట్టపగలు, మత్తు లేని వేళ, 15 నుంచి 20 నిమిషాలు. మీ లోపాలన్నీ తెలిసి కూడా మిమ్మల్ని ప్రేమించే మనిషి మీకు రాస్తున్నట్టు రాయండి. ఏం జరిగిందో దాచకుండా, అది ఎందుకు అంత నొప్పించిందో, ఈ వారం మీకు ఏది మేలు చేస్తుందో. జేమ్స్ పెన్నెబేకర్ 1980ల నుంచి చేసిన పరిశోధనల్లో మనసులోని గాయం గురించి కొన్ని రోజులపాటు ఇలా కొద్దిసేపు రాయడం కొంతమేర ఆరోగ్యానికి మేలు చేసినట్టు తేలింది. రాసిన వెంటనే కాసేపు మనసు భారంగా ఉండడం సహజం, అందుకే పడుకోబోయే ముందు రాయకండి. ఎవరికీ పంపకండి. గాయం మరీ పచ్చిగా ఉండి, రాస్తుంటే చెదిరిపోతున్నట్టు అనిపిస్తే కొన్ని వారాలు ఆగండి.

జారిన రోజు

ఒక పెగ్గు మనిషిని ముంచదు. ‘ఎలాగూ తప్పింది, ఇంక ఎంతైతే ఏం’ అన్న ఆలోచన ముంచుతుంది. నియమం తప్పాక వచ్చే ఈ అపరాధభావమే చిన్న జారుడును పూర్తి పతనంగా మారుస్తుందని మార్లాట్ 1985 నాటికే వివరించారు. కాబట్టి జారకముందే, మనసు బాగున్న రోజున, ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోండి: ‘ఉన్న చోట ఆపు. మిగిలింది పారబోయి. బండి ఎక్కకు. నీళ్లు తాగు, తిను. ఫలానా మనిషికి చెప్పు. పడుకో. ప్రతిజ్ఞలు చేయకు.’ ఆఖరిది ముఖ్యం. సిగ్గులోంచి చేసిన ఒట్టు రెండు రోజులు నిలబడి, తెగినప్పుడు సిగ్గును రెట్టింపు చేస్తుంది.

మర్నాడు పుస్తకంలో అవే ఐదు విషయాలు రాయండి. జారడానికి ముందు కొన్ని గంటల్లో ఏ మలుపు దగ్గర వేరే దారి ఉండేదో వెతకండి, ఒక్కటి దొరికితే చాలు. ఎవరినైనా నొప్పించి ఉంటే, మత్తు పూర్తిగా దిగాక, చేసిన పని పేరు చెప్పి ఒకసారి క్షమాపణ అడగండి. పదేపదే ఏడుస్తూ అడిగితే, మిమ్మల్ని ఓదార్చే భారం కూడా వాళ్ల మీదే పడుతుంది. తనను క్షమించుకోవడమంటే లెక్క ఎగ్గొట్టడం కాదు, లెక్క చూసే ఓపిక తెచ్చుకోవడం.

రాత్రుళ్లు, మందులు, మనుషులు

మానిన మొదటి కొన్ని వారాలు నిద్ర చెదరడం మామూలే, దాన్ని చూసి మళ్లీ మొదలుపెట్టకండి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ ఆపండి, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి. మద్యం స్థానంలోకి ఫోనో తిండో పందెమో రాకుండా చూసుకోండి. పరీక్ష సులువు: అది అయిపోయాక మనుషుల్ని చూడాలనిపిస్తోందా, దాక్కోవాలనిపిస్తోందా?

వైద్యం తీసుకోవడం ఈ దారికి బయటిది కాదు. మద్యానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, ఓపియాయిడ్లకు బుప్రెనార్ఫిన్, మెథడోన్, పొగాకుకు నికోటిన్ ప్యాచ్‌లు, ఇవన్నీ పనిచేసే మందులే. డాక్టర్ చూసి ఇవ్వాలి, ఎందుకంటే ఉదాహరణకు ఓపియాయిడ్లు వాడుతున్నవాళ్లు నాల్ట్రెక్సోన్ వేసుకుంటే విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగినప్పుడు ఒంటికి వచ్చే బాధ, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డిప్రెషన్ కావచ్చు, దానికి విడిగా చికిత్స కావాలి.

ఎనిమిది వారాలు అయ్యాక మొదటి వారం పేజీలను, ఈ వారం పేజీలను పక్కపక్కన పెట్టి చూడండి. తాగని రోజుల లెక్క ఒక్కటే చూడకండి. యావకూ చేతికీ మధ్య ఎన్ని నిమిషాలు పెరిగాయి, జారాక ఎంత త్వరగా లేచారు, మనసులో వచ్చే మొదటి మాట ఏమైనా మెత్తబడిందా, చూడండి. మోతాదు తగ్గకపోయినా, పెరిగినా ఆ పుస్తకాన్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏది, ఎంత, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు, వేరే ఏ మాత్రలు వాడుతున్నారు, మానినప్పుడు ఏమయింది, ఈ ఆరూ మొదటి పేజీలో రాసుకుని వెళ్లండి. తగ్గించి చెప్పకండి, డాక్టర్ ఇచ్చే మందు మోతాదు నిర్ణయించేది ఆ అంకెలే.